అత్తగారి గంట

మా ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా నేను ఇల్లంతా గాలించను. తిన్నగా వెనకగదికి వెళ్తాను. నా మంచి కత్తెర అక్కడే దొరికింది, రేకులు కత్తిరించి కత్తిరించి మొండిదైపోయి. పాత దుప్పటి అక్కడే దొరికింది, ఒళ్లంతా గ్రీజు పూసుకుని. ఉద్యోగం చేసినన్నాళ్లూ మా ఆయన ఒక కార్ఖానాలో లేత్ మీద ఇనుము తిప్పి చెక్కే టర్నరు. కార్ఖానావాళ్లు పాత యంత్రాలు వదిలించుకుంటున్నప్పుడు ఒక చిన్న లేత్ మిషన్నీ, బల్లకి బిగించే డ్రిల్లింగ్ మిషన్నీ ఇంటికి తెచ్చుకున్నాడు. సామాన్ల గది కాస్తా యంత్రాల గది అయింది. సామాన్లు మా మంచం కిందికి చేరాయి.

ఆ రోజు కనబడకుండా పోయింది నేను కూరలు తరిగే చెక్క. వెళ్లి చూద్దును కదా, అది ముక్కలు ముక్కలై, ఆ ముక్కలన్నీ ఒకదానిమీద ఒకటి జిగురుతో అంటుకుని, లేత్ మీద గిర్రున తిరుగుతోంది. మా ఆయన పెదవి బిగపట్టి దాన్ని ఉలితో గుండ్రంగా చెక్కుతున్నాడు. గదంతా ఉల్లిపాయ వాసన.

"అది నా చెక్క" అన్నాను.

"ఇప్పుడు అచ్చు" అన్నాడు తలెత్తకుండా.

"మరి నేను కూరలు దేనిమీద తరగాలి? మీ నెత్తిమీదా?"

"కొన్నాళ్లు ఆకుకూరలు తుంచి వండవే. ఇది అమ్మ కోసం."

అమ్మ కోసమంటే ఇంకేమంటాను? మొహం మాత్రం మాడ్చుకునే నిలబడ్డాను.

మా అత్తగారిది కంచుకంఠం. ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే వీధి చివర కొట్లో బేరమాడుతున్న నేను ఉలిక్కిపడేదాన్ని. నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఓ మహారాణీ!" అనేవారు. ఆ 'రాణీ' దగ్గర గొంతు పైకి లేచి, గోడలు దాటి, పక్కింటి కుక్కని కూడా లేపేది. నేనూ తక్కువ తినలేదు. "వస్తున్నా! ఏం కొంప మునిగింది అత్తయ్యా?" అని అంతే గట్టిగా అరుచుకుంటూ వెళ్లేదాన్ని. ఉప్పు దగ్గర పోట్లాడుకున్నాం, తలుపు గడియ దగ్గర పోట్లాడుకున్నాం, అన్నిటికన్నా ఎక్కువ బట్టలు ఆరేసే దగ్గర పోట్లాడుకున్నాం. చొక్కాని అడుగంచు పట్టుకుని తలకిందులుగా ఆరేయాలంటారు ఆవిడ, భుజాల దగ్గర క్లిప్పుల గుర్తులు పడకుండా. భుజాలు పట్టి నిలువుగా ఆరేస్తే మనిషి వేసుకున్నట్టు చక్కగా ఉంటుందంటాను నేను. ఇన్నేళ్ల కాపురంలో ఇద్దరిలో ఒక్కరం కూడా వెనక్కి తగ్గలేదు.

అలాంటి మనిషికి గొంతులో ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. మిగిలింది ఒట్టి గాలి. గాలితోనే మెల్లగా మాట్లాడుకోవచ్చు, అలవాటవుతుందన్నాడు డాక్టరు. ఇంటికొచ్చాక ఒక్కసారి మాట్లాడి చూశారావిడ. తన నోట్లోంచి వచ్చిన ఆ బుసబుస తనే విని, మళ్లీ నోరు మెదపలేదు. పలక కొనిస్తే దానిమీద మందుసీసాలు పెట్టుకున్నారు.

దానికి తోడు, ఎవర్నీ పిలవకుండా ఒక్కరే స్నానాలగదికి వెళ్లబోయి గుమ్మం దగ్గర పడ్డారు. తుంటి ఎముక బీటలిచ్చింది. అతుక్కున్నాక డాక్టరు మా ముగ్గురినీ కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పాడు. "ఇంకోసారి పడితే మంచమే. లేవాలనిపిస్తే ముందు ఎవర్నయినా పిలవండి." ఆవిడ బుద్ధిగా తలూపారు. ఇంటికొచ్చి మళ్లీ ఎవర్నీ పిలవలేదు. గోడ పట్టుకుని, పాదాలు ఈడ్చుకుంటూ వెళ్తుంటే నేనే ఎన్నోసార్లు పరుగెత్తి పట్టుకున్నాను. చేతిలో పని చేతిలోనే ఉండేది, చెవులు మాత్రం ఆ గది దగ్గర ఉండేవి.

కరెంటు గంట పెట్టించాం. దాని మీట తలగడ కింద ఉంటే ఆవిడ తీసి బీరువాలో పడేశారు. బజార్నుంచి చేతిగంట తెచ్చాం. అది కిణకిణలాడే బుల్లి గంట. ఒక్కసారి ఆడించి, నా వైపు ఒక చూపు చూసి, దాన్ని నీళ్ల బకెట్లో జారవిడిచారు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. నన్ను నిలబెట్టి కడిగేసే గొంతుకి బదులు ఈ కిణకిణలా?

"అమ్మ గొంతులాంటి మోత ఉండాలి" అన్నాడు మా ఆయన. "ఖంగుమనాలి. అలాంటిది బజార్లో దొరకదు. నేనే చేస్తా."

"గంటలు పోతపోస్తారు కదండీ. మీ దగ్గర కొలిమి ఏదీ?"

"పోత అక్కర్లేదు. రేకుతో చేస్తా. చెక్క అచ్చుని లేత్ మీద తిప్పుతూ, దానికి ఆనించి రేకుని మెల్లగా నొక్కుకుంటూ పోతే, రేకే వంగి అచ్చు మీద కూర్చుంటుంది."

చెప్పడానికేం, బాగానే ఉంటుంది. మా ఆయన జన్మంతా దిమ్మ ఇనుము కోసిన మనిషి. రేకు సంగతి ఆయనకి కొత్త. అందుకని ముందు సత్తు మీద చెయ్యి తిప్పుకుంటానన్నాడు. ఆ సత్తు నా పెద్ద గిన్నె మూత అని వేరే చెప్పాలా?

మూతని చదును చేసి, గుండ్రంగా కత్తిరించి, అచ్చుకీ, ఎదురుగా ఒత్తిపట్టి ఉంచే సెంటరు మొనకీ మధ్య బిగించాడు. నొక్కడానికి పనిముట్టు కూడా సొంతంగా చేసుకున్నదే. పాత స్క్రూడ్రైవరు మొన అరగదీసి, గోరులా నున్నగా గుండ్రం చేసుకున్నాడు. రేకు గీసుకుపోకుండా నా ఒంటి సబ్బు రుద్దాడు. మిషన్ వేశాడు. రేకు గిర్రున తిరిగింది. ఆయన నొక్కాడు. ఒక్క క్షణం అది చక్కగా వంగింది, మరుక్షణం అంచంతా ముడతలు పడి, టపటపా కొట్టుకుంటూ గదిలో అడ్డంగా ఎగిరిపోయింది. ఇద్దరం కిందికి వంగాం కాబట్టి సరిపోయింది.

"ముడత పడకుండా వెనకనుంచి ఎవరో ఒకరు కర్రతో ఆసరా ఇవ్వాలి" అన్నాడు, నా వైపు చూడకుండా.

"ఎవరో ఒకరంటే ఈ గదిలో ఇంకెవరున్నారు?"

అలా నేను రేకుపనిలో చేరాను. చీపురుకర్ర పట్టుకుని లేత్ కి ఇవతల నేను, స్క్రూడ్రైవరు పట్టుకుని అవతల ఆయన. ఆయన ఎక్కడ నొక్కితే సరిగ్గా అక్కడే వెనకనుంచి నేను ఆనించాలి. ఎక్కువ నొక్కితే ఆయన అరిచేవాడు, తక్కువైతే రేకు అరిచేది. తల ప్రాణం తోకకొచ్చింది. అయినా నిజం చెప్పొద్దూ, పెళ్లయిన ఇన్నేళ్లకి మేమిద్దరం ఒకే పని మీద ఎదురెదురుగా నిలబడడం అదే మొదటిసారి. మధ్యలో రేకు తిరుగుతుంటే అందులో ఆయన మొహం వంకరటింకరగా కనబడి నాకు నవ్వొచ్చేది. "నవ్వకు, కర్ర కదులుతోంది" అని కసిరి తనూ నవ్వేవాడు.

రేకు మొండికేసినప్పుడు ఏం చెయ్యాలో కూడా పట్టేశాడు. నొక్కేకొద్దీ లోహం గట్టిపడుతుంది, ఇంకా నొక్కితే చిరుగుతుంది. అప్పుడు తీసి కాల్చాలి. కాలిస్తే మళ్లీ మెత్తబడి మాట వింటుంది. సత్తుకయితే పైన సబ్బు రాసి పొయ్యిమీద పెట్టేవాడు. సబ్బు నల్లబడగానే చాలు, దించెయ్యాలి. ఇంకాస్త ఆగితే మూత కరిగి కూర్చుంటుంది. అలా ఒక మూత నా పొయ్యిలోకి కరిగింది కూడా, ఆ కథ వద్దులెండి. ఈ కాల్చడం అనేది మా ఆయనకి తెగ నచ్చింది. ఎంత మొండి రేకైనా ఒక్కసారి కాలిస్తే వెన్నలా లొంగుతుందని పొంగిపోయేవాడు.

చెయ్యి కుదిరాక ఇత్తడి తీశాడు. పాత తూకం యంత్రం ముఖం అది, పాతసామాన్ల కొట్లో దొరికింది. దళసరి రేకు, మీద అంకెలు చెక్కి ఉన్నాయి. అంత మంచిది మళ్లీ దొరకదు. చెడిపోతే అంతే సంగతులు. పట్టపగలు వంటింటి కిటికీలు మూసి, చీకటి చేసి, దాన్ని పొయ్యిమీద కాల్చేవాడు. ఇత్తడి మసక ఎరుపుకి రావడం చీకట్లో అయితేనే తెలుస్తుందట. ఎర్రబడగానే పటకారుతో తీసి నీళ్లలో ముంచేవాడు. చుయ్యిమనేది. మళ్లీ లేత్, మళ్లీ సబ్బు, మళ్లీ నా చీపురుకర్ర. కొంచెం కొంచెంగా ఆ రేకు అచ్చు భుజాల మీదుగా కిందికి దిగి, నడుము దగ్గర నిలువుగా సాగి, అంచు దగ్గర విచ్చుకుంది. లోపలి వైపు తూకం అంకెలు సాగిపోయి, ఒంగిపోయి, ఇంకా లీలగా కనబడుతూనే ఉన్నాయి.

అచ్చు మీదనుంచి ఊడదీస్తుంటే పానా జారి దానికి తగిలింది. ఖంగ్! మా ఇద్దరికీ ఒళ్లు జలదరించింది. ఆ మోతలో మా అత్తగారు ఎవర్నో పిలిచినట్టే అనిపించింది.

"ఇంక కొట్టొద్దు" అన్నాడు దాన్ని రెండు చేతులా పట్టుకుని. "సరిగ్గా మోగే మొదటి మోత అమ్మ చేత్తోనే."

డ్రిల్లుతో నెత్తిన కన్నం పెట్టాడు. పాత కుళాయి పిడిని గంటకి నాలుకగా ఎంచి పక్కన పెట్టాడు. అమ్మ చేతికి గీసుకోకుండా అంచు నునుపు చేశాడు. అప్పుడు కూడా మనసు ఒప్పుకోలేదు. అంచు దగ్గర మరీ గట్టిగా లాగాం, ముందుముందు చీలుతుందేమో, అమ్మ వేలు తెగుతుందేమోనని, చివరిసారిగా ఇంకొక్కసారి కాల్చి నీళ్లలో ముంచాడు. తళతళా తోమి నాలుక కట్టాడు. ఒక్కసారి కూడా మోగించి చూసుకోలేదు. మొదటి మోత అమ్మదే కదా.

మంచం పక్క గోడకి కొక్కెం కొట్టి వేలాడదీశాం. తాడు తలగడ దాకా వచ్చేలా కట్టాం. మా అత్తగారు ఆ గంటని చాలాసేపు చూశారు. లోపలికి వేలు పెట్టి ఒంగిపోయిన అంకెల్ని తడిమారు. కళ్లలో ఏదో మెరిసింది. మా ఆయన పరీక్ష రాసిన పిల్లాడిలా నిలబడ్డాడు. ఆవిడ తాడు లాగారు.

తప్.

ఇంకోసారి లాగారు. తప్. అట్టపెట్టె మీద తట్టినట్టు.

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ కొడుకుని దగ్గరికి రమ్మని సైగ చేసి, తల నిమిరి, ఫరవాలేదన్నట్టు బుజ్జగింపుగా నవ్వారు.

నాకు దిగులేసింది. గంట మోగనందుకు కాదు, ఆ నవ్వుకి. మా అత్తగారు అలా నవ్వే మనిషేనా? మునుపయితే "నీ మొహంలా ఉందిరా, అవతల పారెయ్" అనేవారు. కొడుకు ఒంటికాలి మీద లేచేవాడు. నేను మధ్యలో దూరి ఇద్దరితోనూ తిట్లు తినేదాన్ని. ఆ మనిషి ఏమైపోయింది?

వెనకగదిలో మా ఆయన గంటని ఒళ్లో పెట్టుకుని ముక్కాలిపీట మీద కూలబడ్డాడు.

"నాదే తప్పు" అన్నాడు. "చివర్న కాల్చకుండా ఉండాల్సింది. మరీ మెత్తబడిపోయింది. మెత్తటి లోహం పలకదే. నొక్కుళ్లూ దెబ్బలూ తిని గట్టిపడి ఉంది కాబట్టే అప్పుడు ఖంగుమంది. జాగ్రత్త జాగ్రత్తని నేనే దాని గొంతు తీసేశాను."

ముందురోజు పొద్దున తీగమీద నేను ఆరేసిన చొక్కాలు కళ్లముందు మెదిలాయి. అన్నీ తలకిందులుగా, ఆవిడకి నచ్చినట్టే. ఆపరేషన్ అయినప్పట్నుంచీ నేను ఆవిడ మాటకి ఎదురాడింది లేదు. ఉప్పు ఆవిడకి నచ్చినంతే, గడియ ఆవిడ చెప్పినట్టే. అడక్కముందే నీళ్లు, అడక్కముందే మందు. "సరే అత్తయ్యా, అలాగే అత్తయ్యా." పిలవడానికి ఆవిడకి మేం ఏం మిగిల్చాం?

"దీన్ని మళ్లీ గట్టిపరచొచ్చా?" అని అడిగాను.

"సుత్తితో ఒళ్లంతా తట్టాలి. లోపల గుండ్రటి ఇనుము ఆసరాగా ఉండాలి." అటూ ఇటూ చూసి, మూలనున్న డంబెల్ తీశాడు. కుర్రతనంలో కండలు పెంచుతానని కొనుక్కున్నది. దాని గుండు పైకి ఉండేలా బల్ల అంచునున్న వైస్ దవడల మధ్య బిగించాడు. ఆ డంబెల్ ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది.

"నేను కొడతా" అన్నాను.

గంట నాలుక విప్పి, గంటని గుండు మీద బోర్లించి, నున్నటి సుత్తి నా చేతికిచ్చాడు. నెత్తిమీదనుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ, దెబ్బ పక్కన దెబ్బ, ఖాళీ వదలకుండా వెయ్యమన్నాడు. నేను ముట్టీ ముట్టనట్టు రెండు వేశాను.

"అలా కాదు" అన్నాడు.

"గట్టిగా కొట్టనా?"

"గట్టిగా కూడా వద్దు. మొహమాటపడకుండా కొట్టు."

కొట్టాను. మొదట తప్ తప్ మంది. ఒక చుట్టు తిరిగేసరికి టక్ టక్ మంది. ఇత్తడి మీద చిన్న చిన్న నొక్కులు పడి మెరుస్తున్నాయి. నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఒళ్లూ మండుతోంది, ఎవరి మీదో తెలియదు. అంచు దాకా వచ్చేసరికి సుత్తి కింద గంట టంగుమనడం మొదలుపెట్టింది. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

మర్నాడు పొద్దున నాలుక కట్టి గంటని మళ్లీ కొక్కేనికి తగిలించాను. మా అత్తగారు దానివైపు ఒకసారి చూసి, మొహం తిప్పుకున్నారు.

"నేను బట్టలు ఆరేసి వస్తానత్తయ్యా" అని బకెట్ ఎత్తుకున్నాను.

నేను చెయ్యబోయేది మా ఆయనకి ముందే చెప్పాను. భయపడ్డాడు. "కోపంతో లేచి పడిపోతే?"

"మీరు తలుపు చాటున ఉండండి. ఒరిగితే పట్టుకోండి. అంతవరకు ముందుకి రాకండి."

తీగ సరిగ్గా ఆవిడ కిటికీ ఎదురుగా ఉంటుంది. మొదటి చొక్కా దులిపి, భుజాలు పట్టుకుని నిలువుగా ఆరేశాను. క్లిప్పులు భుజాల మీదే పెట్టాను. కిటికీలోంచి ఆవిడ తల ఇటు తిరగడం కనబడింది. రెండోది ఆరేశాను. ఆవిడ దుప్పటి ఉండచుట్టి తీగమీదే ఒక మూలకి పడేశాను. జబ్బుమనిషిని ఏడిపిస్తున్నానే, నాకేం పోయేకాలం అనుకున్నాను. అయినా ఇంకో చొక్కా తీశాను.

మా అత్తగారు మంచం మీద లేచి కూర్చున్నారు. కాళ్లు కిందికి దించారు. ఎప్పటిలాగే చెయ్యి గోడమీద వేశారు. తలుపు చాటున మా ఆయన అడుగు కదిపాడు. ఆవిడ సగం లేచారు. మళ్లీ తీగవైపు చూశారు. పళ్లు కొరికారు. గోడమీది చెయ్యి జరిగి జరిగి, తాడు దగ్గరికి వెళ్లింది.

ఖంగ్!

పక్కింటి కుక్క మొరిగింది. నేను కదల్లేదు. చేతిలో ఉన్న చొక్కాని కూడా భుజాలు పట్టి, తీరిగ్గా ఆరేశాను.

ఖంగ్! ఖంగ్! ఖంగ్!

ఆ చివరి మోత 'రాణీ' లాగే పైకి లేచి, గోడలు దాటి వెళ్లింది. ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొస్తుంటే గొంతు సరిచేసుకుని, వీధంతా వినబడేలా అరిచాను.

"వస్తున్నా! ఏం కొంప మునిగింది అత్తయ్యా?"

వెళ్లేసరికి ఆవిడ మంచం అంచున కూర్చుని ఉన్నారు. మొహం జేవురించి ఉంది. వేలు తీగవైపు చూపించారు, తర్వాత నావైపు చూపించారు, ఆ వేలుతోనే నన్ను నిలువునా కడిగేశారు. నేను నడుముమీద చేతులు వేసుకుని నిలబడ్డాను. అప్పుడావిడ రెండు చేతులూ చాచారు. లేవదియ్యమని. ఇంట్లో పడ్డప్పట్నుంచీ ఎవర్నీ అడగని మనిషి.

వంగి నడుము చుట్టూ పట్టుకుని లేపాను. తేలిగ్గా ఉన్నారు. నా భుజం మీద వాలి, చెవి దగ్గర నోరు పెట్టి, ఇన్ని నెలలకి మొదటిసారి ఆ గాలిగొంతుతో మాట్లాడారు. ఒక్కొక్క అక్షరమూ నాకు స్పష్టంగా వినబడింది.

"బట్టలు ఆరెయ్యడం కూడా రాదే నీకు."

"కాపురానికి వచ్చిన కొత్తలోనూ ఇదే అన్నారు" అన్నాను, బుగ్గలమీద నీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక.

స్నానాలగది దాకా పోట్లాడుకుంటూనే వెళ్లాం.